ఆపరేషన్ తర్వాత ఏమవుతుంది? బరువు తగ్గాలనుకునే వారితో, ఇంట్లో వాళ్లతో కొన్ని మాటలు

(బరువు తగ్గించే ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్న వారి కోసం, వారి కుటుంబ సభ్యుల కోసం తిరుపతిలో ఒక ఆదివారం ఉదయం ఏర్పాటు చేసిన సమావేశంలో ఒక పోషకాహార నిపుణురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడిన వాళ్లు ముందుకు రండమ్మా, చోటుంది. చేతుల్లేని కుర్చీలే వేయమని నేనే చెప్పాను, ఇరుకుగా ఉంటుందేమోనని ఎవరూ మొహమాటపడొద్దు. హాయిగా కూర్చోండి.

నేను సర్జన్‌ను కాదు. ఆపరేషన్‌కి ముందు మీరేం తినాలి, తర్వాత ఏళ్ల తరబడి ఏం తినాలి, ఒంట్లో ఏ విటమిన్ తగ్గుతోంది అని చూసుకునే పని నాది. అందుకని నా దగ్గరికొచ్చే వాళ్ల భయాలు కొంచెం వేరుగా ఉంటాయి. సర్జన్ ముందు "ఆపరేషన్ ఎన్ని గంటలు సార్, ఖర్చెంత సార్" అని అడిగి ఊరుకున్న మనిషే నా గదిలోకొచ్చి తలుపు దగ్గరికి వేసి అడుగుతారు: "మేడమ్, నేను బతికి బయటపడతానా? పడినా మళ్లీ మామూలు మనిషిని అవుతానా?" ఈ రెండు ప్రశ్నలకీ ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పాలనే ఇవాళ వచ్చాను.

ముందు ఒక్క మాట, ఇది మీ కోసం కాదు, మీ పక్కన కూర్చున్న చుట్టాల కోసం. "నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకోవడం ఎందుకు?" అని దయచేసి అనకండి. ఇక్కడున్న వాళ్లలో నోరు కట్టుకోని వాళ్లు ఎవరూ లేరు. ఏళ్ల తరబడి కట్టుకున్నారు. బరువు తగ్గగానే శరీరం ఆకలి పెంచే హార్మోన్లను ఎక్కువ చేస్తుంది, కడుపు నిండిందని చెప్పే వాటిని తగ్గిస్తుంది, ఖర్చు చేసే శక్తినీ తగ్గించుకుంటుంది. పోయిన బరువు తిరిగి రావడానికి పెద్ద కారణం అదే, సోమరితనం కాదు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు కొత్త మార్గదర్శకాలిచ్చాయి. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గట్టు బరువెంత ఉందో చెప్పే లెక్క, 35 దాటిన వాళ్లకి షుగరూ బీపీ ఏమీ లేకపోయినా ఈ ఆపరేషన్ సిఫారసు చేయొచ్చన్నాయి. మన ఆసియా వాళ్లకి తక్కువ బరువుకే షుగరు, గుండెజబ్బు వస్తాయి కాబట్టి మనకి 27.5 నుంచే ఆలోచించొచ్చన్నాయి. అయిదడుగుల మూడంగుళాల మనిషికి 35 అంటే సుమారు 90 కిలోలు. అంటే డాక్టర్లు దీన్ని అందం కోసం చేసే పనిగా చూడడం లేదు.

ఇక మొదటి భయం, బల్ల మీదే పోతామేమో అని. పెద్ద పెద్ద అధ్యయనాల్లో, ఆపరేషన్ అయిన నెల లోపల చనిపోయిన వాళ్లు వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా ఉన్నారు. పిత్తాశయం తీసే ఆపరేషన్‌లో ఉండే ప్రమాదానికి ఇది దగ్గరగానే ఉంటుంది. సున్నా అని నేను చెప్పను. సున్నా అని ఎవరైనా చెబితే ఆ గదిలోంచి లేచి వచ్చేయండి. కానీ ఆ ఒక్క సంఖ్యే చూసుకుని భయపడకండి, ఏమీ చేయకుండా ఈ బరువుతోనే ఉండిపోతే ఏమవుతుందో కూడా పక్కన పెట్టి చూడండి. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టిన అధ్యయనం ఒకటుంది. ఆపరేషన్ చేయించుకున్న వాళ్లనీ, చేయించుకోని వాళ్లనీ ఏళ్ల తరబడి గమనించారు. 2007లో ఫలితాలు ప్రకటించేసరికి చేయించుకున్న వాళ్లలో మరణాలే తక్కువగా ఉన్నాయి.

మన దగ్గర ఎక్కువగా చేసేవి స్లీవ్, బైపాస్. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి ముప్పాతిక వంతు, కొంచెం ఎక్కువే, తీసేస్తారు. అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం మిగులుతుంది. తీసేసింది మళ్లీ పెట్టలేరు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. బైపాస్‌లో జీర్ణాశయంలోనే చిన్న సంచీలాంటి భాగం తయారుచేసి, పేగులో కొంత భాగాన్ని తప్పించి కలుపుతారు. గుండెలో మంట, పులితేన్పులు ఎక్కువగా ఉన్నవాళ్లు ఆ సంగతి సర్జన్‌కి గట్టిగా చెప్పాలి. స్లీవ్ తర్వాత కొందరికి ఆ మంట పెరుగుతుంది, కొత్తగా మొదలవడం కూడా ఉంది. మీకు ఏది సరిపోతుందో ఎండోస్కోపీ చూశాక సర్జన్ చెప్పాలి. పక్కింటావిడకి స్లీవ్ చేశారు కదా, నాకూ అదే చేయండి అని మీరు ఎంచుకునేది కాదు.

భయపడాల్సినవి నిజంగా రెండున్నాయి. ఒకటి లీకు. కోసి కుట్టిన చోటు నుంచి లోపలి ద్రవం కారడం. నూటికి ఒకరికో అంతకు కొంచెం అటూ ఇటూగానో వస్తుంది. ఇది ఇంటికెళ్లిన తర్వాత కూడా రావొచ్చు, అందుకే చెబుతున్నాను. పొట్టలోకి గ్యాస్ నింపి చేస్తారు కాబట్టి మొదటి రెండు మూడు రోజులు భుజం నొప్పి మామూలే, నడిస్తే తగ్గుతుంది. కానీ నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, కదలకుండా పడుకున్నప్పుడు కూడా నాడి నిమిషానికి 120 దాటినా తెల్లారనిద్దాంలే అనుకోకండి. ఆ రాత్రే బయల్దేరండి. నాడి ఎలా చూడాలో డిశ్చార్జి రోజు నర్సు దగ్గర నేర్చుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా నేర్పించండి.

రెండోది కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోవడం. ఆపరేషన్ అయిన సాయంత్రమే నర్సు లేపి నడిపిస్తే "ఇంత కఠినమా" అని ఏడ్చిన వాళ్లున్నారు. ఆమె నడిపిస్తున్నది ఈ గడ్డ కట్టకుండా ఉండటానికే. మన ఊళ్ల వాళ్లు చాలామంది చెన్నైలోనో, బెంగళూరులోనో, వేలూరులోనో చేయించుకుని మూడో రోజు కారెక్కేస్తారు. గంటల తరబడి కాళ్లు ముడుచుకుని కూర్చుంటారు. అలా వద్దు. గంటకోసారి కారు ఆపండి, దిగి అయిదు నిమిషాలు నడవండి. కారులో ఉన్నంతసేపూ పాదాలు ఆడిస్తూ ఉండండి. రక్తం పలచబడే ఇంజెక్షన్లు రాసిస్తే అన్ని రోజులూ వేయించుకోవాలి, రెండు వేసి బాగానే ఉంది కదా అని ఆపకూడదు.

మొదటి ప్రశ్నకి ఇంతే నా జవాబు. ఆపరేషన్ రోజు మీ చుట్టూ సర్జన్, మత్తు డాక్టరు, నర్సులు, యంత్రాలు అన్నీ ఉంటాయి. నేను ఎక్కువ భయపడేది ఆ రోజు గురించి కాదు. మీరు ఇంటికొచ్చిన తర్వాత నెలల గురించి. అక్కడ మీరూ, మీ వంటింట్లో ఉన్న మనిషీ తప్ప ఎవరూ ఉండరు.

దగ్గు మందు సీసా మీద చిన్న ప్లాస్టిక్ గ్లాసు వస్తుంది చూశారా, గీతలు పెట్టి ఉంటుంది, 10, 15, 30 అని. మొదటి వారం మీ కంచం అదే. అందులో 30 గీత దాకా పలుచటి మజ్జిగ పోసుకుని పావుగంట సేపు తాగాలి. గుక్క వేయకూడదు, చప్పరించాలి. తర్వాత కాసేపాగి పప్పు కట్టు మీద తేట, అదీ అంతే. మళ్లీ నీళ్లు. ఇలా రోజంతా చప్పరిస్తూనే ఉంటే తప్ప లీటరున్నర దాటదు. దాటకపోతే మూత్రం ముదురు రంగులోకి వస్తుంది, కళ్లు తిరుగుతాయి, మళ్లీ ఆసుపత్రి. మొదటి నెలలో తిరిగి చేరే వాళ్లలో చాలామంది వచ్చేది ఒంట్లో నీళ్లు చాలకే.

రెండు వారాలు ద్రవాలు, ఆపైన రెండు వారాలు మెత్తగా రుబ్బినవి, తర్వాత మెత్తటి తిండి, ఆరు వారాల తర్వాత నెమ్మదిగా మామూలు తిండి. ఆసుపత్రిని బట్టి కొంచెం మారుతుంది, మీ ఆసుపత్రి ఇచ్చిన కాగితమే మీకు ప్రమాణం. ఇక్కడ మన తిండితో ఒక చిక్కుంది. మెత్తటిది తినమనగానే మనకు గుర్తొచ్చేది రాగి సంగటి, జావ, ఇడ్లీ, పెరుగన్నం. అన్నీ మంచివే. కానీ మీకు రోజుకి కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అవి చాలకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు. సంగటి ముద్దతోనే పొట్ట నిండిపోతే ఇక గుడ్డుకి చోటెక్కడుంది? అందుకే ముందు గుడ్డు, పనీరు, చేప, చికెన్, చిక్కటి పప్పు తినాలి. చోటుంటే ఆ తర్వాతే సంగటి. శాకాహారులకి మొదటి నెలల్లో ప్రోటీన్ పొడి లేకుండా కుదరదు. పొడి తాగితే కిడ్నీలు పోతాయని ఎవరో చెప్పారని మానేస్తుంటారు. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగాలి, మిగతా వాళ్లు చెప్పిన మోతాదులో తాగాలి.

వాంతుల గురించి చెబుతాను, ఇది అందరూ శ్రద్ధగా వినాలి. తొందరగా మింగినా, నమలకపోయినా, తింటూ నీళ్లు తాగినా వాంతి అవుతుంది. ఒకటీ అరా అయితే పరవాలేదు. రోజూ అవుతుంటే, వారం దాటుతుంటే, ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, అయిపోతుంది. మన శరీరంలో దాని నిల్వ కొద్ది వారాలకే సరిపోతుంది. అది అయిపోతే చూపు తడబడుతుంది, నడక తూలుతుంది, మాట తికమకపడుతుంది. మెదడు శాశ్వతంగా దెబ్బతినొచ్చు. మన పల్లెల్లో ఏం చేస్తాం? నీరసంగా ఉంది, ఒక బాటిల్ ఎక్కించండి అంటాం. ఆ బాటిల్‌లో గ్లూకోజ్ ఉంటుంది. బీ1 లేని ఒంట్లోకి ముందుగా గ్లూకోజ్ ఎక్కితే మిగిలిన కాస్త బీ1 కూడా ఖర్చయిపోయి పరిస్థితి ఒక్కసారిగా ముదరొచ్చు. కాబట్టి ఎక్కడికెళ్లినా, ఎంత చిన్న క్లినిక్కైనా, "నాకు బరువు ఆపరేషన్ అయింది, ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇచ్చి ఆ తర్వాతే గ్లూకోజ్ పెట్టండి" అని చెప్పాలి. ఈ వాక్యం ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే మీ వాళ్లు చూపిస్తారు.

ఇక్కడికే ఇంకో విషయం వస్తుంది. చాలామంది ఈ ఆపరేషన్‌ని దాచిపెడతారు. పెళ్లి కావాల్సిన అమ్మాయిలైతే మరీ. గర్భసంచి ఆపరేషన్ అనో, హెర్నియా అనో చెబుతారు. నాకు ఆ బాధ అర్థమవుతుంది, ఊరందరికీ చెప్పమని నేను అనను. కానీ పెళ్లి పంక్తిలో కూర్చున్నప్పుడు "ఏమ్మా అలా కెలుకుతున్నావు, ఇంకో లడ్డూ వేసుకో" అని వడ్డించే చేతిని ఆపగలిగిన మనిషి ఒకరు పక్కన ఉండాలి. బైపాస్ అయిన వాళ్లు తీపి ఎక్కువ తింటే అరగంట తిరక్కుండానే చెమటలు, గుండెదడ, కళ్లు బైర్లు, విరేచనాలు పట్టుకుంటాయి. స్లీవ్ వాళ్లలోనూ కొందరికి ఉంటుంది. స్వామి ప్రసాదం కాదనలేం కదా మేడమ్ అంటారు. కాదనొద్దు. చిటికెడు కళ్లకద్దుకుని నోట్లో వేసుకోండి, మిగిలింది పంచండి. చుట్టాలకి చెప్పకపోయినా ఇంట్లో ఒకరికి చెప్పాలి, డాక్టరెవరైనా సరే, పళ్ల డాక్టరైనా సరే, ప్రతి ఒక్కరికీ చెప్పాలి.

పళ్ల డాక్టర్ అని ఎందుకన్నానంటే నొప్పి మాత్రల వల్ల. మోకాళ్ల నొప్పులని మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటివి మింగడం మనకి అలవాటు. బైపాస్ తర్వాత అవి పేగు కలిపిన చోట పుండు పడేట్టు చేస్తాయి, ఆ పుండు ముదిరి రంధ్రం కూడా పడొచ్చు. బీడీ, సిగరెట్టు కూడా అంతే. నొప్పికి ఏది వాడాలో ముందే రాయించుకోండి.

శనివారం ఒక్కపొద్దు. మన జిల్లాలో ఇది లేని ఇల్లు తక్కువ. పగలంతా ఉపవాసం ఉండి రాత్రి ఒక్క పూట తినడం ఆ చిన్న పొట్టతో కుదరదు. ఒక్కసారిగా తినలేరు, పగలు నీళ్లు కూడా తగ్గిపోతాయి. మొదటి ఏడాది ఉపవాసాలు ఆపండని నేను గట్టిగానే చెబుతాను. మందులేసుకునే వాళ్లకీ, బాలింతలకీ మన పెద్దలే మినహాయింపు ఇచ్చారు, మీరూ ఆ కోవలోకే వస్తారు.

ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకునేది జుట్టు దగ్గర. మూడో నెల నుంచి ఆరో నెల దాకా దువ్వెన నిండా వస్తుంది. ఒంటికి పెద్ద మార్పు జరిగినప్పుడు, బాలింతలకీ టైఫాయిడ్ వచ్చిన వాళ్లకీ ఊడినట్టే ఇదీ. కుదుళ్లు చావవు, తిరిగి వస్తుంది. గుండు మొక్కు ఉన్నవాళ్లు కొందరు ఆ నెలల్లోనే కొండకెళ్లి ఇచ్చేసి వస్తారు, అది వాళ్లిష్టం. అయితే ఏడాది దాటినా ఊడుతూనే ఉంటే ఇనుము, జింకు, మాంసకృత్తులు తగ్గాయేమో పరీక్ష చేయించాలి. షాంపూలు మార్చి డబ్బులు పోగొట్టుకోకండి.

మాత్రలు జీవితాంతం. మల్టీవిటమిన్, బీ12, ఇనుము, కాల్షియం, విటమిన్ డీ. కాల్షియం, ఇనుము ఒకేసారి మింగొద్దు, రెండు గంటలైనా ఎడం ఉండాలి. బాగున్నాను కదా అని రెండో ఏడు మానేసిన వాళ్లు నాలుగో ఏడు కాళ్లు తిమ్మిర్లతో వస్తారు. బీ12 అయిపోయేది అంత నిదానంగా. ఈ మాత్రల ఖర్చు, ఏటా రక్తపరీక్షల ఖర్చు ఆపరేషన్ ఖర్చుతో పాటే లెక్కేసుకోవాలి. బీమా ఉన్నవాళ్లు పాలసీ చూసుకోండి. బీమా నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 గానీ, అదుపులో లేని షుగరు, తీవ్రమైన నిద్రలో ఊపిరాగే జబ్బు, గుండెజబ్బు లాంటివి ఉండి 35 గానీ ఉంటే బరువు చికిత్స మినహాయింపు కింద క్లెయిమ్ తోసిపుచ్చకూడదు. వేచి ఉండే కాలం లాంటి మిగతా షరతులు మాత్రం వర్తిస్తాయి.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకి మొదటి రోజు నుంచే మోతాదు తగ్గించాల్సి వస్తుంది. పాత చీటీ ప్రకారం వేసుకుంటే షుగరు పడిపోతుంది. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రావొచ్చు, దానికి కొందరికి ఆరు నెలలు మాత్ర ఇస్తారు. చర్మం వేలాడుతుంది, వ్యాయామంతో పూర్తిగా బిగియదు, ఇది ముందే తెలిస్తే అద్దం ముందు అంత దిగులుండదు. దిగులు అంటే గుర్తొచ్చింది: ఆపరేషన్ తర్వాత కొందరిలో మనసు కుంగిపోవడం, మద్యం అలవాటు ముదరడం అధ్యయనాల్లో కనిపించింది. మందు త్వరగా ఎక్కుతుంది కూడా. ఇన్నాళ్లూ బాధ కలిగినప్పుడు తిండి తోడుండేది, ఇప్పుడు ఆ తోడు లేదు. మనిషి ముభావంగా మారితే "బరువు తగ్గావుగా, ఇంకేం కావాలి" అనకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక మహిళ: "మా అమ్మాయికి ఆపరేషన్ చేయిస్తే పిల్లలు పుడతారా మేడమ్?")

పుడతారమ్మా. బరువు వల్ల నెలసరి సరిగా రాని వాళ్లకి తగ్గాక గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకే జాగ్రత్త కూడా కావాలి. మొదటి ఏడాది, ఏడాదిన్నర గర్భం రాకూడదు, ఆ సమయంలో తల్లికే చాలీచాలని పోషణ ఉంటుంది. బైపాస్ అయితే గర్భం రాకుండా వేసుకునే నోటి మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు, వేరే పద్ధతి స్త్రీల డాక్టర్‌ని అడగండి. పెళ్లి సంబంధం చూస్తున్నారా? అయితే అబ్బాయికి చెప్పండమ్మా. ఆ పిల్ల రోజూ మాత్రలు మింగాలి, కొంచెం కొంచెం తినాలి. కలిసి బతికే మనిషి దగ్గర దాచి ఎన్నాళ్లు మింగుతుంది?

(ఒక యువకుడు: "నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. ఎప్పుడెక్కచ్చు?")

మంచి మొక్కు. నడక మొదటి రోజే మొదలవుతుంది, కానీ అది వరండాలో నడక. ఆఫీసు పనికి రెండు మూడు వారాల్లో వెళ్లొచ్చు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండరు లాంటి బరువులు ఆరు వారాలు ఎత్తొద్దు. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388. రెండోది పొట్టిదే కానీ నిటారుగా ఉంటుంది. మొదటి మూడు నెలలు రెండూ వద్దు. ఆ తర్వాత రక్తపరీక్ష బాగుంటే, సర్జన్ సరేనంటే, అలిపిరి నుంచి తెల్లవారుజామున బయల్దేరండి, సీసాతో నీళ్లు చప్పరిస్తూ, ఆగి ఆగి. స్వామి దగ్గర గడువేమీ లేదు కదా నాయనా.

(ఒక మధ్యవయస్కురాలు: "నాకు తేదీ ఇచ్చేశారు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. వాయిదా వేసుకుంటే తప్పా?")

తప్పేమీ కాదమ్మా. ఇది రేపే చేయకపోతే ప్రాణం పోయే ఆపరేషన్ కాదు. సిగరెట్ మానకపోయినా, షుగరు అదుపులోకి రాకపోయినా, నిద్రలో గురక పరీక్ష చేయకపోయినా, ముందు రెండు వారాల పథ్యం సరిగా చేయకపోయినా వాయిదా వేయాలి. ఆ పథ్యం దేనికంటే, కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం కొంచెం తగ్గితేనే సర్జన్‌కి జీర్ణాశయం సరిగా కనిపిస్తుంది. ఇవన్నీ అయి, ఉన్నది భయం ఒక్కటే అయితే, దాన్ని కాగితం మీద ప్రశ్నలుగా రాయండి. మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? లీకు వస్తే ఇక్కడే చూస్తారా, వేరే ఊరు పంపిస్తారా? అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు? రెండేళ్ల తర్వాత నన్ను ఎవరు చూస్తారు? ఈ నాలుగింటికీ చిరాకు పడకుండా జవాబు చెప్పిన డాక్టర్ దగ్గర చేయించుకోండి. మీ ఇంట్లో వంటెవరు చేస్తారు? కోడలా? అయితే ఈసారి నా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ అమ్మాయిని కూడా తీసుకురండి. మొదటి నెల ఏ రోజు ఏం వండాలో ముగ్గురం కూర్చుని రాసుకుందాం.